బావి గట్టు మీద పావుగంట

మా కోడలు ఆఫీసు నుంచి వచ్చి కారు సెల్లార్లో పెట్టాక వెంటనే పైకి రాదు. పది నిమిషాలు అందులోనే కూర్చుంటుంది. మొన్న కొత్తిమీర కోసం కిందికి దిగినప్పుడు చూశాను. పాటలూ లేవు, ఫోనూ లేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా ఉన్న గోడ వంక చూస్తోంది. మా వాడితో ఏమైనా గొడవ పడిందా అనుకున్నాను. అంతలో ఆ ముఖం గుర్తుపట్టాను. ఒకప్పుడు నా ముఖమూ అదే. చూడనట్టే లిఫ్టెక్కి వచ్చేశాను.

డెబ్బైలలో నేను బెజవాడలో ట్రంకు ఎక్స్ఛేంజి ఆపరేటర్ని. ఆ రోజుల్లో ఒక ఊరివాళ్లు ఇంకో ఊరివాళ్లతో ఫోన్లో మాట్లాడాలంటే ముందు మాకు చెప్పుకుని, గంటల తరబడి కాచుక్కూర్చోవాలి. నెత్తిన హెడ్‌సెట్టు, ఎదురుగా బోర్డు నిండా తీగలు, వెనక సూపర్‌వైజరు గారి చెప్పుల చప్పుడు. చల్లపల్లి లైను దొరికితే మద్రాసు లైను పోయేది, మద్రాసు దొరికేసరికి చల్లపల్లిలో ఎవరూ ఎత్తేవారు కాదు. "పొద్దున్న బుక్ చేశానండీ! నిద్రపోతున్నారా ఏంటండీ అక్కడ?" అని మండిపడేవారు. తిట్టులో కూడా 'అండీ' ఉండేది, నాకు దక్కిన మర్యాద అదొక్కటే. పొద్దున్న ఆరు నుంచి రెండింటి దాకా "హలో, హలో" అని అరిచి అరిచి, ఆ ఎండలో నడిచి ఇల్లు చేరేసరికి మనిషి గొంతు వింటేనే ఒళ్లు మండేది.

అందుకని నాకో అలవాటయింది. పెరట్లో బావి గట్టు మీద కూర్చుని, అప్పుడే తోడిన నీళ్ల బక్కెట్టులో పాదాలు పెట్టుకుని, కాఫీ తాగడం. పావుగంట. ఎవరితోనూ మాట లేదు. బావి నీళ్ల చల్లదనం మడమల దగ్గర మొదలై మోకాళ్ల దాకా పాకేది. ఆ పావుగంట కోసమే మిగతా రోజంతా భరించేదాన్ని. ఆ కాస్త సుఖమూ మా అత్తగారి కంట్లో నలుసయింది. "ఊళ్లో వాళ్లందరితో ఎనిమిది గంటలు మాట్లాడొస్తుంది, ఇంట్లో వాళ్లతో మాట్లాడ్డానికి నోరు రాదు" అని పక్కవాటా వాళ్లకి వినపడేలా అనేది. నాకు ఏడుపొచ్చేది, ఏడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

ఒక వేసవిలో నా గొంతు పూర్తిగా పోయింది. పది రోజులు పెదవి విప్పకూడదని డాక్టరు గారన్నారు. సెలవు పెట్టాను. బాధపడాల్సింది పోయి, లోపల ఒకటే సంబరం. అత్తగారు దగ్గరుండి మిరియాల పాలు కాచిచ్చింది, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టించింది. రెండో రోజు మధ్యాహ్నం బావి దగ్గర నా పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మాట్లాడ్డం మొదలుపెట్టింది.

ఆపలేదు. ఆవిడ పుట్టింటి గేదెలు, చనిపోయిన చెల్లెలు, పెళ్లిలో ఇరుకైన గాజులు, అన్నీ. మా మామగారు రిటైరైన మేష్టారు. ఆవిడ వాక్యం మొదలుపెడితే మధ్యలో అందుకుని తానే పూర్తి చేసేవారు, అదీ తప్పుగా. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడకి అడ్డు తగలకుండా విన్నది బుగ్గన కరక్కాయ ఉన్న నేనే. నన్ను మౌనం ఎలా సేదదీర్చేదో, ఆవిడని ఆ మాటలు అలా సేదదీరుస్తున్నాయి. ఇది నాకప్పుడు అర్థం కాలేదు. అయ్యో, నా పావుగంట పోయిందే అని మాత్రం కుళ్లిపోయాను.

ఎనిమిదో రోజుకి గొంతు వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో రోజున, మనుషులు చాల్లేదు, రేపే డ్యూటీకి రమ్మని ఆఫీసు నుంచి కబురొచ్చింది. తల పగిలిపోతుంటే బక్కెట్టులో కాళ్లు పెట్టుకున్నాను. అత్తగారు పీట వేసుకుంది. పన్నెండేళ్లప్పుడు ఇంట్లో అలిగి, ఒక్కత్తే బెజవాడ వచ్చే పడవెక్కేసిందట. "సగం దూరం వచ్చాక పడవవాడు నన్ను చూశాడు. ఎవరమ్మాయివే నువ్వు, ఎక్కడికెళ్తున్నావని అడిగాడు. నేనేం చెప్పానో తెలుసా అమ్మాయ్..."

"అబ్బబ్బ, కాసేపు నన్ను వదిలెయ్యండి అత్తయ్యగారూ!"

గొంతు గంట మోగినట్టు వచ్చింది. ఆవిడ ఉలిక్కిపడింది. తర్వాత, "గొంతొచ్చేసిందే! పోన్లే, మంచిదయింది" అని నవ్వింది. నొచ్చుకున్నా బాగుండేది, నిజంగానే సంతోషించింది. ఖాళీ గ్లాసూ పీటా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ బావి దగ్గర కూర్చోలేదు, నా మౌనం గురించి ఎవరి దగ్గరా సణగలేదు. నా పావుగంట నాకు దక్కింది. కానీ పాదాలు నీళ్లలో ఉన్నా ఆ చల్లదనం పైకి పాకడం మానేసింది.

కొన్ని నెలలకి తెగించి అడిగాను, "ఆ పడవవాడికి ఏం చెప్పారు అత్తయ్యగారూ?" అని. "ఏ పడవమ్మా? అదేదో చిన్నప్పుడు..." అని ఆవిడ అంటుండగానే, "దానికి గుర్తుండి చస్తేగా!" అని మామగారు వాలుకుర్చీలోంచి వాక్యం ముగించారు. మొదటిసారి ఆయన మీద కోపం రాలేదు. ఆయన చేసిన పనే నేనూ చేశాను మరి.

అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. అప్పుడు పావుగంట కోసం కొట్టుకులాడిన నాకిప్పుడు రోజంతా తీరికే. వినాల్సిన ఆ ఒక్క మాటే, నేను నోరు తెరిచిన మధ్యాహ్నం దగ్గర ఆగిపోయింది.