మాస్టారి కంటిలో ఏడు గుంటలు

మా ఫిజిక్సు మాస్టారు పోయిన సంగతి నాకు ఫోనులో చెప్పింది ఆయన భార్య. సాయంత్రం నందిగాం దగ్గర హైవే దాటుతుంటే లారీ కొట్టిందట. "ఆగండి మాస్టారూ అని టీ కొట్టోడు అరిసినాడంటమ్మా. ఎదర లైట్ల ఎలుగులో ఈయనకేటీ అగుపడనేదట," అన్నారు. ఎందుకు కనబడలేదో ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. కాశీబుగ్గలో నా కంటి ఆసుపత్రి వరండాలో రోగులు ఇంకా కూర్చుని ఉండగానే లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.

టెక్కలి కాలేజీలో ఇంటర్ రెండేళ్లూ ఆయన మాకు పాఠం చెప్పారు. నోట మంచి మాట రాని మనిషి. నేను ఉద్దానం తీరంలో చేపల వేటకెళ్లేవాళ్ల ఊరి నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఒకరోజు లెక్కకు యూనిట్ రాయలేదని నా రికార్డు పుస్తకం కిటికీలోంచి వానలోకి విసిరేశారు. "మీ నాన్న వల ఏసేముందు నీళ్ల లోతు సూత్తాడు. నీకాపాటి గ్యానం నేదేటి?" క్లాసంతా నవ్వింది. బురదలోంచి పుస్తకం తెచ్చుకుని, మూడు రోజులు కూర్చుని మొత్తం తిరగరాశాను. ఆయన దాన్ని తెరిచి కూడా చూడలేదు.

ఒక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆ గొంతు మారేది. ఉద్యోగానికి ముందు విశాఖలో కొన్నాళ్లు పరిశోధన చేశారాయన. శుక్లం తీశాక కంట్లో అమర్చే కటకాన్ని యాక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేస్తారు. దాని మీద అతినీలలోహిత లేజరు కొట్టి, ఎంత పదార్థం లేచిపోతుందో కొలవడం ఆయన పని.

"ప్లాస్టిక్కంటే పొడుగాటి గొలుసులు. ఆ కాంతి లంకెలు తెంపేత్తాది. పక్కకి వేడి పాకేలోగా ముక్కలు ఎగిరిపోతాయి. దెబ్బకో పల్చటి పొర. బలం హద్దు దాటకపోతే ఏటీ ఊడదు. దాటిందా, ఊడింది మళ్లీ అతకదు."

తండ్రి పోవడంతో ఆ పరిశోధన సగంలో వదిలి వచ్చేశారని తర్వాత ఎవరో చెప్పారు. నేను కంటి డాక్టరు కావడానికి ఆ పాఠమే కారణం. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

నేను ఆసుపత్రి పెట్టిన కొత్తలో వచ్చారు. అంతకుముందే విశాఖలో శుక్లం తీయించుకుని కటకం వేయించుకున్నారు. కటకం వెనక పొర మసకబారింది. లేజరుతో ఆ పొరలో చిన్న కిటికీ తెరిస్తే చాలు. ఈ లేజరు కటకాన్ని తాకకుండా దాటిపోయి, గురి కుదిరిన చోట చిన్న నిప్పురవ్వలా పేలుతుంది. అందుకే గురి పొరకు కాస్త వెనక్కి జరిపి కొట్టాలి. ఆరోజు వరండా నిండా జనం. నేను జరపలేదు. టక్, టక్ మని కొట్టుకుంటూ పోయాను. ఆపి చూస్తే పొర తెరుచుకుంది, కానీ కటకం మీద గుంటలు పడ్డాయి.

ఆయన గడ్డం యంత్రం మీద నుంచి తీయకుండానే అడిగారు. "ఎన్ని?"

"ఏడు, మాస్టారూ."

"మద్దెలోనా?"

"మధ్యలోనే."

ఒకటి రెండు గుంటలు పక్కగా పడితే చాలామందికి తేడా తెలియదు. ఇవి సరిగ్గా చూపు వెళ్లే దారిలో పడ్డాయి. వెనక పొర తెరిచేశాక కటకం మార్చడం కంటికే ప్రమాదం. ఆ మాటే చెప్పాను. ఆయన కేస్ షీట్ నా ముందుకు తోశారు. "రాయి. నీ తొందర వల్లే అని రాయి." రాశాను.

అప్పటినుంచి నెల నెలా వచ్చేవారు. వరసలో కూర్చుని, తన వంతు వచ్చాక లోపలికొచ్చి, ఆ గుంటల వల్ల ఎదుటి దీపం చుట్టూ వెలుగు ముళ్లు ఎలా మొలుస్తున్నాయో నాకు పాఠంలా వివరించేవారు. ఆ నెలల్లో ఆయన్ని అసహ్యించుకున్నాను. ఒకసారి ఏడుస్తూ క్షమించమన్నాను. "నీ ఏడుపుతో నాకేటి పని? గురి సూసుకో," అన్నారు.

తర్వాత ఒకరోజు భార్యను తీసుకొచ్చారు. ఆవిడ ఎడమ కంటికీ అదే లేజరు కావాలి. నావల్ల కాదు, విశాఖ తీసుకెళ్లమన్నాను.

"నీ సెయ్యి వణుకుతందనే తెచ్చినాను. కూకో."

నా వెనకే స్టూలు మీద కూర్చున్నారు. గురి వెనక్కి జరిపాను. ఒక్కొక్క దెబ్బకీ ఆగి చూసుకుంటూ కొట్టాను.

"ఎన్ని గుంటలు?"

"ఒక్కటీ లేదు, మాస్టారూ."

చెప్పులేసుకుని బయటికి నడిచారు. ఈరోజుకీ నేను మరో కంట్లో గుంట పెట్టలేదు. అది ఆయన పెట్టిన భిక్షే. ఆ భిక్ష కోసం ఆయన కన్ను చెడింది, చివరికి ప్రాణమూ పోయింది.

పెద్దకర్మ అయిన వారానికి ఆవిడ ఆసుపత్రికి వచ్చారు. కుడి కంటిలోనూ పొర మసకబారింది. "నీ సెయ్యి మంచిదని ఆయన ఊరందరికీ సెప్పీవోరమ్మా," అన్నారు.

ఆయన ఆ గుంటల సంగతి ఇంట్లో కూడా చెప్పలేదని అప్పుడు రూఢి అయింది. కేస్ షీట్ తీసి, అందులో నేను రాసింది చదివి వినిపించాను. లారీ దీపాల వెలుగులో ఆయనకు దారి ఎందుకు కనబడలేదో చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు చూశారు. లేచి వెళ్లిపోతారనుకున్నాను.

"మరి బేగి కానీ. బస్సుంది," అన్నారు.

గడ్డం యంత్రం మీద ఆనించి కుడి కన్ను పెద్దగా తెరిచారు. గురి చూపే ఎర్రటి చుక్క ఆ కంటిపాపలో నిలబడింది. ఆవిడ రెప్ప వేయలేదు.