మంచులో ఈల, బండ మీద పువ్వు

మా భానుకు పువ్వు దొరికింది! ముందు ఆ మాట రాయకుండా ఇంకేదీ రాయలేను. నేను ఎనిమిదో తరగతి వరకే చదివిన మనిషిని. వ్యాసర్పాడి రైల్వే యార్డులో వ్యాగన్లు జతచేసే పని చేసి రిటైరయ్యాను. నా కూతురు మాత్రం మొక్కల మీద పరిశోధన చేస్తోంది! మున్నారు దగ్గర ఇరవికుళం జాతీయ వనంలో, తడి బండల మీద మాత్రమే పెరిగే ఒక అడవి కాశీతుంబను పూత మీద ఉండగా ఫోటో తీయాలి. రెండేళ్లుగా తనకు ఆకులే కనబడ్డాయి. అటవీ శాఖ ఇచ్చిన అనుమతికి ఇక ఒక్క రోజే మిగిలింది. పువ్వు దొరక్కపోతే అంత పనీ వృథా. "తోడు రా నాయనా" అంటే ఆగుతానా!

మా ఊరి సెంట్రల్ స్టేషన్‌లో రాత్రి బోడి అనే ఊరికి వెళ్లే రైలెక్కి, పొద్దున తొమ్మిదిన్నర దాటాక అక్కడ దిగాం. మున్నారు దాకా జీపుకు మూడు వేలు, రెండున్నర గంటల ఘాట్ రోడ్డు. డ్రైవరు ముత్తయ్యది తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం.

"పెద్దాయనా, పైన మంచు దిగితే ఈల యినిపిస్తాది. పలకబాకండి" అన్నాడు.

"మా నాయన పలక్కుండా ఉంటాడా? ఈలతోనే గదా ఉద్యోగం చేసింది!" అని భాను నవ్వింది.

నిజమే. యార్డులో మంచు పడితే అవతలి మనిషి కనబడడు. ఒక పొడుగు ఈల, రెండు పొట్టి ఈలలు వేస్తాం. బదులు వచ్చేదాకా వ్యాగను కదలదు. చిన్నప్పుడే భానుకు అది నేర్పాను.

వనం గేటు దగ్గర టికెట్టు తీసుకుని వాళ్ల బస్సులోనే పైకి వెళ్లాలి. మేం చేరేసరికి రెండయింది. "నువ్వు ఈడే ఉండు, రోడ్డు దిగబాక" అని చెప్పి భాను వనం గార్డుతో కొండవాలు ఎక్కింది. కాసేపటికే మంచు కమ్మేసింది. నా చెప్పులే నాకు కనబడలేదు. నాతో వచ్చిన జనమంతా ఏమయ్యారో, ఒక్క గొంతూ లేదు.

అప్పుడు ఈల. ఒక పొడుగు, రెండు పొట్టి.

బదులు వేశాను. మళ్లీ వచ్చింది, ఇంకాస్త పైనుంచి. భానే పిలుస్తోందని రోడ్డు వెంటే నడిచాను. నేను ఆగితే అదీ ఆగింది. మలుపు తిరిగాక ఉన్నట్టుండి ఈల ఆగిపోయింది. ఎదురుగా నీళ్లు కారే బండ. దాని మీద నా కళ్లకు సరిగ్గా ఎదురుగా, లేత ఊదా రంగు పువ్వులు ఏడెనిమిది, గాలి లేకుండానే వణుకుతున్నాయి.

చుట్టూ చూశాను, భాను లేదు. గట్టిగా ఈల వేశాను. బదులు వచ్చింది, నా వెనక, చాలా దూరం నుంచి.

భాను పరుగెత్తుకొచ్చి, బండను చూసి, రోడ్డు మీదే కూలబడి ఏడ్చేసింది. "ఇదే నాయనా, ఇదే!"

"ఇందాకటి నుంచీ పిలిచింది నువ్వే గదా?"

"నేనా? నేను యేసింది ఇప్పుడొక్కసారే. ముందర యేసింది పిట్టయి ఉంటాది. ఈడ మనిషి మాదిరే ఈలేసే పిట్ట ఉండాది."

పిట్టే అయి ఉండాలి. చదువుకున్న పిల్ల చెప్పింది కదా. కానీ వ్యాసర్పాడి యార్డు ఈల ఆ కొండ మీద పిట్టకు ఎవరు నేర్పారు? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి, ఆ వెంటనే మా పిల్ల ముఖం గుర్తొచ్చి నవ్వొస్తుంది. యార్డులో పని ముగిస్తే చివరగా ఒక పొడుగు ఈల వేయడం మర్యాద. దిగే బస్సులో కిటికీ తెరిచి వేశాను. బదులొచ్చింది. ఈసారి భాను కూడా నవ్వలేదు.

మీరు వెళ్తే వానాకాలంలో వెళ్లండి, మొదటి బస్సే ఎక్కండి, మధ్యాహ్నమైతే మంచు దిగుతుంది. ఈల ఎంత తెలిసినవాళ్లదిగా అనిపించినా, తారు రోడ్డు మాత్రం దిగకండి.