సూది ముందు, విస్తరి తరువాత

పెళ్లయిన రెండో ఏట నాకు షుగరు వచ్చింది. మాత్రలకు లొంగే రకం కాదు. తినబోయేదాంట్లో పిండిపదార్థం ఎంతుందో లెక్కగట్టి, దానికి తగినంత ఇన్సులిన్ పొట్టలో గుచ్చుకోవాలి. గుచ్చుకున్నాక తినకపోతే ప్రాణం మీదికి వస్తుంది. రాజోలులో మా అత్తవారింట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. బయటివాళ్లకు మాత్రం తెలియకూడదు.

ఆడపడుచు నిశ్చితార్థం శనివారం పడింది. మగపెళ్లివారు నరసాపురం నుంచి గోదావరి దాటి రావాలి. "రేవు దిగేసేరంట" అన్న మాట చెవిన పడగానే వంటలు చూసుకున్నాను. కప్పు అన్నం, ముద్దపప్పు, ఒక బూరె అని లెక్క వేసి, గదిలో తలుపు వేసుకుని సూది వేసుకున్నాను.

బయటికి వచ్చాక తెలిసింది, దిగింది వాళ్ల పురోహితుడు ఒక్కరేనని. పెళ్లివారు ఆ వెనక ఎక్కిన పంటు పడవ, ఆటుకి నీరు తీసి ఇసుకలో పట్టేసిందట. మా ఆయన కారు తీసుకుని రేవుకు వెళ్లారు. షుగరు పడిపోతే నోట్లో వేసుకునే నా గ్లూకోజు బిళ్లల సంచి ఆ కారులోనే ఉండిపోయింది.

"అత్తయ్యగారూ, నేను కొంచెం తినాలండీ. సూది వేసేసుకున్నాను."

అత్తగారు గొంతు తగ్గించారు. "మెల్లిగా అనమ్మా. ఆళ్ల పురోహితుడుగారు అరుగు మీదే ఉన్నారు. ఇంట్లో షుగరుందంటే పిల్లదానికీ వస్తాదనుకుంటారు. పెళ్లివారికి పెట్టకుండా మనం ఎంగిలిపడకూడదు. కాసేపు ఓర్చుకో."

కోడలి జబ్బు ఆడపడుచుకెలా వస్తుందని అడిగే ఓపిక లేదు. అప్పటికే పెదవులు తిమ్మిరెక్కాయి. చీర వీపుకి అంటుకుపోయింది. హాలు నిండా చుట్టాలు, వంటశాల నిండా వంటవాళ్లు. గోడ పట్టుకుని తాంబూలాల గదిలోకి వెళ్లి, పళ్లెంలోంచి ఒక అరటిపండు తుంపి నోట్లో కుక్కుకున్నాను. రెండోది ఒలుస్తుండగా పురోహితుడుగారు లోపలికి వచ్చారు.

"ఏంటమ్మా, తాంబూలంలో పళ్లు తీసేత్తన్నారు?"

నోట్లోది గబుక్కున మింగాను. ఆయన వెనకే వచ్చిన అత్తగారు అందుకున్నారు. "మా కోడలికి శనివారం ఉపోషమండీ. పళ్లే తింటాది."

"ఆయ్, మంచిదండీ" అన్నారాయన.

పెళ్లివారు వచ్చారు. అందరికీ విస్తళ్లు వేశారు. ఉపవాసమున్న మనిషికి అన్నం ఎవరు పెడతారు? ఒంట్లోకి వెళ్లిన ఇన్సులిన్‌కి సరిపడా అరటిపళ్లు లెక్క పెట్టుకుంటూ నవ్వుతూ కూర్చున్నాను. పెళ్లికొడుకు తల్లి నన్ను మెచ్చుకుంది. అత్తగారు వడ్డిస్తున్నట్టుగా వంగి, "ఇంకెన్ని తినాలి?" అని గుసగుసగా అడిగారు.

"ఇంకొకటండీ."

రెండు వేశారు.

పెళ్లి జరిగిపోయింది. ఆడపడుచు అత్తవారింటికి ఏ శనివారం వెళ్లినా నా ముందు పళ్లే పెడతారు. నిజం చెప్పేద్దామంటే, "ఇప్పుడు చెప్తే అబద్ధమాడేమనుకుంటారు" అంటారు అత్తగారు. మొన్న పనస తొనలు పెట్టారు. వాటికెంత ఇన్సులిన్ వేసుకోవాలో తెలియక, ఫోనులో లెక్క వెతుక్కుంటూ వాళ్ల స్నానాల గదిలో గడియ వేసుకుని నిలబడ్డాను.