బామ్మర్ది దున్నించిన చేను

గ్రూపులోని రైతులందరికీ నమస్కారం. నాకు ఫోన్‌లో రాయడం సరిగా రాదు. చదివింది ఊరి బడిలో అయిదో తరగతి వరకే, తప్పులుంటే మన్నించండి.

పట్నంలో, తిరువొత్తియూరులో కూతురింట్లో ఉంటున్నాను. ఊళ్ళో రెండెకరాల మెట్ట చేను ఉంది, బోరు లేదు. మూడేళ్ళుగా దున్నకుండా, కంది మోళ్ళూ ఆకూ అలాగే కప్పి ఉంచి తడి నిలుపుకుంటూ వచ్చాను. పోయిన నెల ఊరికెళ్ళి వేలు గుచ్చితే మట్టి చల్లగా తగిలింది.

ఈ సాయంత్రం బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, నిన్న వాన పడిందే, నీ చేను ట్రాక్టరుతో దున్నించేసినా. మోళ్ళన్నీ పొయ్యిలోకి పంచేసినా. ఇప్పుడు చూడాల, అద్దం మాదిరి ఉండాది!"

"ఎందుకురా?"

"ఎందుకేంది? వాన పడినా దున్నలేదే, మీ బావ మంచాన పడినాడా అని ఈడ అందురూ అడగతా ఉండారు. నాకు సిగ్గుగా ఉండాది."

నా మంచికే చేశాడు. "సరిలేరా, అన్నం తిన్నావా?" అని పెట్టేశాను.

తిరగబడిన మట్టిలో తడి రెండెండలకు కూడా ఆగదు. ఇంకో మూడేళ్ళు ఆగే వయసు నాకూ లేదు. అయినా అడుగుతున్నాను. దున్నేసిన చేలో మిగిలిన తడిని కాపాడే దారి ఎవరికైనా తెలిస్తే, రేపు ఎండ ముదిరేలోగా జవాబు రాయండి.