మేత ముట్టని చారల చేప

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవి. బందరులో నా అక్వేరియం షాపు అప్పటికి బాగానే నిలదొక్కుకుంది. షాపు పెట్టకముందు నేను రొయ్య పిల్లల హేచరీలో పనిచేశాను. తల్లి రొయ్యలు గుడ్లు బాగా పెట్టాలని అక్కడ బతికున్న పురుగుల్ని మేపేవాళ్లు. ఆ అలవాటు నాతోపాటే వచ్చేసింది.

మా వంటింటి వెనక వరండాలో, తడిపిన కొబ్బరిపొట్టు నింపిన డబ్బాల్లో గ్రిండల్ వర్మ్స్ అనే పురుగుల్ని పెంచుతాను. దారప్పోగంత సన్నగా, తెల్లగా ఉంటాయి. నానబెట్టిన ఓట్స్ చిటికెడు వేస్తే గుంపుగా పైకొచ్చి తింటాయి. ఇలా పెరుగుతున్న డబ్బాని మేం కల్చర్ అంటాం. వీటిని ఉప్పునీళ్లలో వేసినా కాసేపు మెలికలు తిరుగుతూనే ఉంటాయి. ఆ కదలిక చూస్తే ఎంత మొండి చేపయినా నోరు తెరుస్తుందని నా ధీమా.

ఆ ధీమాకి పరీక్ష పెట్టింది పెడన రాజ్యలక్ష్మి గారి చేప.

ఆవిడ కలంకారీ అద్దకం షెడ్డు నడుపుతారు. తాతల నాటి చేప బొమ్మనే ఇంకా ఎంతకాలం అద్దుతామని, బతికున్న చేపని చూసి కొత్త అచ్చు చెక్కించాలని ఆవిడ కోరిక. అందుకని ముందు గదిలో నా చేత మెరైన్ ట్యాంక్, అంటే ఉప్పునీటి చేపల తొట్టి, పెట్టించుకున్నారు. అందులోకి కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై కావాలన్నారు. తెల్లటి ఒంటి మీద నారింజరంగు చారలు, పట్టకారులాంటి పొడుగు మూతి ఉండే చేప అది.

"కొత్త చోట ఇది తొందరగా మేత ముట్టదండీ," అని ముందే చెప్పాను.

"నువ్వున్నావుగా అమ్మాయ్," అన్నారు.

మద్రాసు డీలరు దగ్గర్నుంచి తెప్పించాం. నేను భయపడినట్టే అయింది. ఐసులో పెట్టిన రొయ్యముక్కలు వేస్తే కన్నెత్తి చూడలేదు. పొట్ట లోపలికి పోయింది. డబ్బా తీసుకుని వెళ్లాను. పురుగుల్ని ట్యాంకులో జల్లగానే అందులో ఉన్న క్లౌన్ చేపలు ఎగబడి మింగేశాయి. కాపర్‌బ్యాండ్ మటుకు దగ్గరికి వచ్చి, మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

"ఇవే కావాలంటే మా కాలవ గట్టున తవ్వితే బోలెడు దొరకవూ?" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"వద్దండీ. పొలాల్లో కొట్టిన మందులన్నీ ఆ మట్టిలోనే ఉంటాయి. ఆకలితో పోకుండా విషంతో పోతుంది."

పూటపూటా బందరు నుంచి నేను వెళ్లలేను. పురుగుల్ని ఎలా పెంచాలో నేర్పి, డబ్బా అక్కడే వదిలి వచ్చాను. రాట్నం దగ్గరా రంగుల తొట్టి దగ్గరా పెరిగిన మనిషి, ఆవిడకి దేనికీ అసహ్యం లేదు. రెండు పూటలా పురుగులు జల్లుతూనే ఉన్నారు. వారం తిరక్కుండానే ఫోను.

"సునీతా, డబ్బా పులిసిన వాసనేస్తోంది. పురుగులన్నీ మూతకి పాకి ఎండిపోయాయి. చేపేమో ఇంకా ముట్టలేదు. అచ్చు కోసమని ఒక ప్రాణాన్ని తెచ్చి మాడుస్తున్నానమ్మా."

"ఓట్స్ ఎంత వేశారండీ?"

"చిటికెడంటే వాటికేం సరిపోతుందని, గుప్పెడు వేశాను."

"చుట్టాలనుకున్నారా అండీ!" అంటే ఆ దిగుల్లోనూ నవ్వేశారు.

కల్చర్ ఎప్పుడూ ఒక్క డబ్బాలో ఉంచకూడదు. నా దగ్గర ఇంకా ఉన్నాయి, ఒకటి తీసుకుని మళ్లీ పెడన వెళ్లాను. ఈసారి ఎండకి తట్టుకునేలా కొత్త మట్టికుండలో వేసి, కుండని తడి ఇసకలో కూర్చోబెట్టాను. చీమలెక్కకుండా ఆ ఇసక తొట్టిని నీళ్ల పళ్లెంలో పెట్టాను. పురుగుల సంగతి కుదురుకుంది. ఇక చేప.

కుర్చీ లాక్కుని ట్యాంకు ముందు కూర్చున్నాను. ఏమీ వెయ్యకుండా ఊరికే చూశాను. పైనుంచి పడేదాని జోలికి ఆ చేప పోవట్లేదు. రాళ్ల వెంబడి తిరుగుతూ, ప్రతి సందులోనూ ఆ పొడుగు మూతి దూర్చి వెతుకుతోంది. అన్నం పళ్లెంలో పెట్టకుండా గాల్లోకి విసిరి తినమంటున్నాం మేము!

అచ్చులు చెక్కే సుబ్బారావు గారు అక్కడే టేకు చెక్క మీద గీతలు గీస్తున్నారు. బ్యాగులో ఉన్న పెద్ద ఆల్చిప్ప తీసి ఆయన చేతికిచ్చాను.

"బాబాయ్ గారూ, పగలకుండా దీనికి సన్నటి బెజ్జాలు వెయ్యగలరా?"

"ఎంత సన్నమమ్మా?"

"అదిగో, దాని మూతి పట్టేంత."

ఆయన లేచి ట్యాంకు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పైకి తోసుకుని ఆ మూతిని చూసి వచ్చారు. తన చేతి బర్మాతో ఒక్కో బెజ్జమూ వేశారు. నేను పురుగుల్ని మంచినీళ్లలో జాడించి, కుంచెతో ఆ బెజ్జాల్లోకి ఎక్కించి, చిప్పని రాళ్ల మధ్య ఆనించాను. బెజ్జాల్లోంచి తెల్లటి తలలు ఊగుతున్నాయి.

చేప వచ్చింది. చిప్పకి అటూ ఇటూ తిరిగింది. ఒక కన్ను పెట్టి చూసింది. వెనక్కి జరిగింది. రాజ్యలక్ష్మి గారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. మూతి ఒక్కసారి ముందుకొచ్చింది. పురుగు లేదు. ఇంకో బెజ్జం. అదీ ఖాళీ.

"తింటోంది, ఎవరూ కదలకండి!" అని ఆవిడ గొంతు తగ్గించి అరిచారు. సుబ్బారావు గారు ఎత్తిన పెన్సిలు అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

కుండలో పురుగులు పెరిగినకొద్దీ చేప పొట్టా నిండింది. తర్వాత అవే బెజ్జాల్లో ఆల్చిప్ప మాంసం, ఆ తర్వాత రొయ్యముక్కలూ అలవాటు చేశాం. కొత్త అచ్చులో సుబ్బారావు గారు చేపని ఈదుతున్నట్టు చెక్కలేదు, మూతి వంచి చిప్పలో దూర్చినట్టు చెక్కారు. ఆ అచ్చు అద్దిన దుప్పట్లు బాగా అమ్ముడుపోతున్నాయి.

మేత మంచిదైతే చాలనుకునేదాన్ని. చేప దాన్ని ఎక్కడ, ఎలా వెతుక్కుంటుందో తెలిస్తేనే అది మేత అవుతుందని పెడనలో నేర్చుకున్నాను. మొన్న గుడివాడ నుంచి ఒక డాక్టరు గారు, తన చేప తినట్లేదు, పురుగుల కల్చర్ కావాలని ఫోను చేశారు. నా దగ్గర ఇంకొకరికి ఇచ్చేటన్ని అప్పటికి లేక, రాజ్యలక్ష్మి గారి దగ్గరికి పంపాను. ఆవిడ కుండ మూత కూడా తియ్యలేదట.

"పురుగులకేం, బోలెడున్నాయి. ముందు మీరు ఇంటికెళ్లి ట్యాంకు ముందు కాసేపు కూర్చోండి డాక్టరు గారూ. అదేం వెతుకుతోందో చూసొచ్చి నాకు చెప్పండి," అన్నారట.