రక్తం పట్టే సోడా

నరసరావుపేటలో మా కిరాణా కొట్టుని ఆనుకునే అలీ సాహెబు సోడా కొట్టు. నాకాయన బాబాయి. మనిషి బంగారం, నోరే ఊరుకోదు. సోడా కొట్టి చేతికిస్తూ ఏదో ఒక గొప్ప చెప్పకపోతే ఆయనకి అన్నం అరగదు. అందులోనూ ఆ ద్రాక్ష సోడా గురించైతే చెప్పక్కర్లేదు. ముదురెరుపు రంగు, తాగితే నాలుక కూడా అదే రంగు.

"రక్తం పట్టుద్దమ్మాయ్! రంగు చూడు, అచ్చం నెత్తురే!" అనేవాడు.

జనం నమ్మారు. జ్వరమొచ్చి లేచినోళ్లు, బాలింతలు, పాలిపోయిన ఆడపిల్లలు వచ్చి మరీ తాగేవాళ్లు. నేనూ తాగాను, నవ్వమాకండి. పోనీ ఆయన అబద్ధమాడాడా అంటే, అదీ లేదు. అందరికంటే గట్టిగా నమ్మింది ఆయనే.

ఈ ఏడు ఆ సోడాని ప్లాస్టిక్ సీసాల్లో పోసి రాజుపాలెం దాకా కొట్లకి వెయ్యాలని ఆశపడ్డాడు. సీసాకి లేబుల్ ఉండాలి, దాని మీద ఏమేం కలిపారో, అందులో ఏం బలముందో రాయాలి. కొడుకు ఇర్ఫాన్ ఒక సీసా ల్యాబుకి పంపించాడు. రిపోర్టు ఫోనులో వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నా.

"ప్రొటీను సున్నా, ఐరన్ సున్నా. ఉన్నదల్లా చక్కెరే అబ్బా" అని తండ్రికి చదివి వినిపించాడు ఇర్ఫాన్.

"మరి ద్రాక్ష ఏదిరా?"

"నువ్వు ఎప్పుడేశావు గనక? పోసేది ఎసెన్సూ రంగూనే గదా!"

నాకు నవ్వాగలా. బాబాయి మొహం చూశాక ఆగింది. ఎదురుగా కుర్చీలో ఆయన కూతురు రుక్సానా కూచోనుంది. పురిటికొచ్చిన పిల్ల, ఏడో నెల. రక్తం చానా తక్కువుంది, పెరక్కపోతే కాన్పు కష్టమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఐరన్ మాత్రలు మింగితే వాంతవుతోందని ఈ పిల్ల వాటిని పక్కన పెట్టేసి, పూటకో ద్రాక్ష సోడా తాగుతోంది. పోసిచ్చేది ఎవరనుకున్నారు? ఈయనే.

"నా చేత్తో నా బిడ్డకి రంగునీళ్లు పోశానే!" అని కూలబడ్డాడు.

హజ్రా పిన్ని ఊరుకుందా? "నీ నోరు పడిపోను! ఊరందరికీ రక్తం పట్టించే మొనగాడివి గదా, ఇప్పుడు పట్టించు!" అని అరిచి, తనే ఏడ్చింది.

ఆయన లేచి ఉత్త సోడాలో నిమ్మకాయ పిండి, మాత్ర తీసి కూతురి చేతిలో పెట్టాడు. "మింగవే తల్లీ, నీకు దణ్ణం పెడతా." పుల్లగా ఉండేసరికి మాత్ర లోపలికి పోయింది, వాంతి కాలా. ఇక రోజూ దగ్గర నిలబడి మింగించడమే ఆయన పని. పిన్ని తోటకూర పప్పూ, వేటమాంసమూ దగ్గరుండి తినిపించేది.

కొట్టుకొచ్చి ఎవరైనా "నీరసంగా ఉంది సాయిబూ, ద్రాక్ష కొట్టు" అంటే చాలు, మండిపడేవాడు.

"దాహమైతే తాగు! రక్తం కావాలంటే ఆసుపత్రికి పో!"

"ఇట్టా తరిమితే కొట్టు మూసుకోవాల బాబాయ్" అన్నా నేను.

"మూసుకుంటాలే అమ్మాయ్."

లేబుల్ మీద కూడా 'ఇందులో ద్రాక్ష లేదు' అని పెద్దక్షరాలేయించాడు. ఇర్ఫాన్ నెత్తీనోరూ కొట్టుకున్నా వినలా. జనం చదివి పకపకా నవ్వారుగానీ తాగడం మాత్రం మానలా. రుచి బాగుంటది మరి, నేను మాత్రం మానానా ఏంది!

మొన్న రుక్సానాకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. ఇంటికి తీసుకొచ్చాక ఎదురింటి జీవరత్నమ్మ చూడ్డానికొచ్చి మెచ్చుకోబోయింది.

"మీ నాయన పోసిన ద్రాక్ష సోడా ఊరికే పోద్దా అమ్మా! రక్తం ఎట్టా పట్టిందో చూడు!"

ఇదివరకైతే ఆ మాటకి బాబాయి పొంగిపోయి వీధంతా చాటేవాడు.

"కాదక్కా!" అని అరిచాడు. "అది నమ్మే నా బిడ్డని చంపుకోబోయా. బతికించింది మాత్రలు. కడుపుతో ఉన్న నీ కోడలికీ అదే చెప్పు."

ఆ అరుపుకి చేతుల్లో ఉన్న పసిది ఉలిక్కిపడి కేరుమంది. దాన్ని ఊరుకోబెడతా ఆయనా ఏడుస్తానే ఉన్నాడు.