చేతులు కట్టించిన పంతులుగారు

మా పంతులుగారు పోయారు. సోమవారం పొద్దున నేను బడికి వెళ్ళేసరికి గుమ్మంలోనే బంట్రోతు ఎదురై, "ధవళేశ్వరం పంతులుగారు వెళ్ళిపోయారండమ్మా, తెల్లారగట్ల గుండె పట్టేసిందట" అన్నాడు. అక్కడే కూలబడి ఏడ్చాను. కన్నతండ్రి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆ ఏడుపు నిజం. ఆ తరవాత నాకొచ్చిన కోపమూ నిజమే. పోయినవాళ్ళ గురించి మంచి మాత్రమే చెప్పడం మర్యాద కావచ్చు గానీ, ఆయన నాకు నేర్పిన చదువు అది కాదు. అందుకని రెండూ చెబుతాను.

రాజమండ్రిలో మా మిషను బడిలో చెవిటి పిల్లలకు మాటలు నేర్పే తరగతి ఒకటి పెట్టారు. ఆ పిల్లలకు చెప్పబోయే మాకు ముందు పంతులుగారు చెప్పేవారు. మా అమ్మాయి రూతు పుట్టుచెవిటిది. దానితో నాలుగు మాటలు మాట్లాడుకోవాలన్న ఆశ ఒక్కటే నన్ను ఆ తరగతిలో కూర్చోబెట్టింది. కుట్టుపని నేర్పుకునే దాన్ని, నాకు శబ్దశాస్త్రం ఎందుకు లేకపోతే!

ఆయన పాఠం నోటితో మొదలయ్యేది. పలక మీద మనిషి ముఖాన్ని పక్కనుంచి గీసేవారు: ముక్కు, పళ్ళు, అంగిలి, మధ్యలో నాలుక. ఏ శబ్దానికి నాలుక ఎక్కడ ఆనుతుందో మాచేత గుర్తులు పెట్టించేవారు. ఒకసారి 'చాప' అనిపించి, 'చిలక' అనిపించి, "రెండింట్లోనూ నాలుక ఒకచోటే ఉందా అమ్మా?" అని అడిగారు. లేదు! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒకే అక్షరం రాస్తున్నాను, నా నోట్లో రెండు 'చ'లు ఉన్నాయని నాకే తెలియదు. ఒకదాని కింద చిన్న కొక్కెం గీయించారు. 'వచ్చాడు' అనేటప్పుడు మధ్యలో మనం పలికేది అటు 'ఆ' కాదు, ఇటు 'ఏ' కాదు. దానికి అక్షరమే లేదు. దానికీ ఒక గుర్తు కనిపెట్టి ఇచ్చారు. "అక్షరం లేనంత మాత్రాన శబ్దం లేకుండా పోతుందా?" అనేవారు.

కొన్నాళ్ళకు పలకలు పట్టించి మమ్మల్ని గోదావరి రేవుకి తీసుకెళ్ళారు. పోలవరం పడవ సరంగు ఏమని కేకేస్తాడో విన్నది విన్నట్టు రాయమన్నారు. మాలో ఒకాయన మహా పండితుడిలా 'ఎక్కుడు, ఎక్కుడు' అని రాశాడు. పంతులుగారు ఆ పలక చూసి, "ఏమయ్యా, ఆ సరంగు వ్యాకరణం చూసుకుని అరిచాడేంటి? 'ఎక్కండెక్కండి' అని గొంతు చించుకుంటుంటే నీకు వినబడలేదూ?" అన్నారు. రేవులో బట్టలుతుకుతున్న వాళ్ళు కూడా నవ్వారు. ఆ వేళ ఆయన మాకు ఒకటే చెప్పారు. "ఉండాల్సింది రాయకండి. ఉన్నది రాయండి."

ఈ మాటే ఇప్పుడు నన్ను దహించేస్తోంది.

ఆయన చేసిన మేలు దాచను. రూతు అరచేతిని తీసి తన గొంతుకి ఆనించుకుని, ఇంకో చేతి వేలు తన ముక్కు మీద పెట్టించి, 'మ్' అని అదిరించేవారు. మడీ ఆచారమూ ఉన్న ఇంటి మనిషి, మేమేమో క్రైస్తవులం. అయినా పిల్ల చేతిని ఎన్నడూ విసుక్కోలేదు. ఇంటికి పోయేముందు గోదాట్లో మునిగి వెళ్ళేవారట, అది వేరే సంగతి. వర్షాకాలం వెళ్ళేసరికి రూతు నా ముఖం చూసి 'అమ్మ' అంది. ఆ మాట కోసం ఆయన కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోమన్నా చల్లుకునేదాన్ని.

కానీ దానికి షరతు ఒకటుంది. చేతులు కదపకూడదు. తరగతిలో పిల్లలు చేతులు కట్టుకునే కూర్చోవాలి. "చేత్తో అడిగితే ఇవ్వకమ్మా. చేతికి అలవాటు పడ్డ పిల్ల నోరు విప్పదు" అనేవారు నాతో. నేను అక్షరాలా పాటించాను. రూతు చేపలపులుసు గిన్నె చూపించి ఏడుస్తుంటే, పులుసు అనేదాకా వడ్డించలేదు. మూతి బిగించుకుని పస్తుతోనే లేచిపోయింది. ఇంకో పూట కూడా అంతే. బడి వెనక పిల్లలు చాటుగా చేతులాడించుకుంటుంటే కసిరేవాళ్ళం. ఇంతా చేస్తే దానికొచ్చిన మాటలు గుప్పెడు. అవైనా నాకు తప్ప ఎవరికీ అర్థం కావు. "ఓర్చుకో అమ్మా, వస్తాయి" అనేవారు పంతులుగారు. ఓర్చుకున్నాను.

కర్మలన్నీ అయ్యాక, రూతుని తీసుకుని పరామర్శకి ధవళేశ్వరం వెళ్ళాను. లాకుల దగ్గర చిన్న పెంకుటిల్లు. అన్నాళ్ళ పరిచయంలోనూ ఆయన మమ్మల్నెవరినీ ఇంటికి రమ్మనలేదు. మడి ఇల్లు, మమ్మల్ని ఎలా రమ్మంటారులే అనుకున్నాం గానీ, తప్పు పట్టలేదు. ఆ వేళ కూడా అరుగెక్కకుండా వీధిలోనే నిలబడ్డాను.

ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది, తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని. నేను నమస్కారం పెట్టి నాలుగు మాటలు చెప్పాను. ఆవిడ పలకలేదు. దుఃఖం కదా అనుకున్నాను. లోపల్నుంచి ఆవిడ తమ్ముడు వచ్చి ఎదుట నిలబడి గబగబా చేతులాడించాడు. ఆవిడ చేతులతోనే బదులిచ్చింది.

"అక్కకి పుట్టుచెవుడండి" అన్నాడాయన. "మీకు తెలీదాండీ?"

"మరి పంతులుగారు..."

"ఆవిడతో చేతులేనండి. ఇద్దరూ కూర్చుంటే పొద్దే తెలిసేది కాదండి. ఊళ్ళో సంగతులు, బళ్ళో సంగతులు, అన్నీ చెప్పేవారు. మీ అమ్మాయి గురించి కూడా చెప్పేవారండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. దుఃఖంలో ఉన్న ఇల్లని కూడా చూడలేదు. "నా పిల్ల చేతులు కట్టించి, ఆయన ఇంట్లో ఇదాండీ?" అని అరిచాను.

ఆయన తల వంచుకున్నాడు. "ఉద్యోగం పోతుందని భయమండి. బడి నడిపే దొరసానిగారు, చేతులాడించడం పశువుల పని అనేవారట. ఇంట్లో సంగతి బయటపడితే తరగతే ఎత్తేస్తారనేవారండి."

"నా చెవిన వేస్తే నేను చాటింపు వేస్తానా? ఒక్క మాట! నాకు ఒక్క మాట చెప్పకూడదూ?"

జవాబు చెప్పాల్సిన మనిషిని కాల్చేసి వచ్చారు. నమ్మి పిల్లని పంతులుగారి చేతుల్లో పెట్టాను. తనకు అన్నం పెట్టే చెయ్యి ఏం మాట్లాడుతుందో తెలిసీ, నా పిల్ల చెయ్యి కట్టించారు. ఆయన మీద నాకు గౌరవం పోలేదు. పోతే బాగుండును, కోపం తేలికగా ఉండేది.

నేనిలా రగిలిపోతుంటే పక్కన రూతు లేదు. ఎప్పుడెక్కిందో అరుగెక్కేసింది. మడీ లేదు, మైలా లేదు, ఆవిడ దాన్ని దగ్గరగా కూర్చోబెట్టుకుంది. ఆవిడ ఏదో అడిగింది. రూతు నా వంక ఒకసారి చూసి, నేను కసరకపోయేసరికి, మెల్లగా చెయ్యెత్తింది. ఇక ఆగలేదు. చేతులు, కళ్ళు, భుజాలు, ఒళ్ళంతా చెబుతూనే ఉంది. ఆవిడ తలూపుతూ మధ్యమధ్యలో ఏదో అడుగుతోంది. ఒకచోట ఇద్దరూ నవ్వుకున్నారు. నా కూతురు ఇంత వాగుడుకాయని నాకు తెలియదు.

"ఏం చెబుతోందండీ?" అని ఆ తమ్ముడుగారిని అడిగాను.

ఆయన వాళ్ళ చేతుల వంక చూశాడు.

"మీ గురించేనండి" అన్నాడు. "పులుసు గిన్నె సంగతండి."